చల్లటి టీలో చింతపిక్కల వాసన

మా పుట్టిల్లు కళింగపట్నం దగ్గర. పొలం గట్టు మీద నిలబడితే సముద్రపు హోరు వినిపిస్తుంది. అయినా మా ఇంట్లో తరతరాలుగా వరి పండించినవాళ్ళే తప్ప సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు లేరు. మా తమ్ముడే మొదటివాడు. సరుకుల ఓడలో వంటగది పని చేస్తాడు. కూరగాయలు తరగడం, వడ్డించడం, గిన్నెలు కడగడం అన్నీ వాడి పనులే. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంటి దగ్గర.

పోయిన వేసవిలో సెలవు మీద వచ్చి, తిరిగి ఓడెక్కే ముందు చీపురుపల్లిలో మా ఇంటికి వచ్చాడు. సబ్బులూ చాక్లెట్లూ బల్ల మీద పెట్టి, సంచి అడుగునుంచి రెండు రబ్బరుబ్యాండ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఒకటి తీశాడు. అందులో ఇటుకపొడి రంగులో ఏదో పొడి ఉంది. దాని మీద పేరు లేదు, ఏ అక్షరమూ లేదు. రబ్బరుబ్యాండు తియ్యగానే వాసన గదంతా కమ్ముకుంది. ఒక క్షణం మిఠాయి దుకాణంలా, ఒక క్షణం మందుల కొట్టులా ఉందా వాసన.

అది థాయ్ టీ పొడి అని చెప్పాడు. వాళ్ళ ఓడలో పెద్ద వంటాయనది థాయ్‌లాండ్. సాయంత్రం నాలుగింటికి ఎండలోంచి లోపలికి వచ్చినవాళ్ళకి ఆయన దీనితో చల్లటి టీ చేసి, గ్లాసు నిండా ఐసు వేసి ఇచ్చేవాడట. తమ్ముడు ఓడ దిగే రోజున తన డబ్బాలోంచి సగం పొడి కవరులో పోసి చేతిలో పెట్టాడట.

భోంచేసి వెళుతూ గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు. "అప్పా, మన టీలాగ పాలల్లో ఏసి మరిగించీకు. గుడ్డసంచిలో వడగట్టాల."

నేను సరేనన్నాను. ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా వాడు వద్దన్న పనే చేశాను. ఇరవయ్యేళ్ళుగా టీ పెడుతున్న చెయ్యి కదా, దానంతట అదే పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. అల్లం కూడా దంచి వేశాను. మా ఆయనకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఆదివారం ఒక్కపూటే ఇంట్లో ఉంటాడు. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని కాసేపు మింగలేదు. మింగాక, ఇందులో పళ్ళపొడి గాని పడిందా అని అడిగాడు. నేనూ తాగి చూశాను. చేదుకి చేదు, ఘాటుకి ఘాటు. గిన్నె మొత్తం పారబోశాను.

మా ఆయన తల్లి, మా అత్త, అరుగు మీద కూర్చుని అంతా చూస్తూ ఉంది. ఆవిడకి డెబ్బై దాటాయి. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు వేడి టీ తప్ప మరేదీ తాగదు. ఆ రోజు మాత్రం కవరు ఇలా తెమ్మంది. రెండు వేళ్ళతో చిటికెడు పొడి తీసి నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి పీల్చి, కాసేపాగి మళ్ళీ పీల్చింది. కవరు తిరిగి ఇచ్చేసింది. ఎలా ఉందని అడిగితే, ఏమో, టీయే కదా, అంది. ఆ రెండోసారి పీల్చడం మాత్రం నాకు గుర్తుండిపోయింది.

మరుసటి వారం తమ్ముడు చెప్పినట్టే చేశాను. మా ఆయన పాత పంచెలోంచి జానెడు ముక్క చింపి సంచీలా కుట్టాను. షాపులో పనికిరాక పారేసే లావుపాటి తీగ తెప్పించి దాని మూతికి గుండ్రంగా చుట్టి, పట్టుకోవడానికి ఒక పిడి వంచాను. రెండు గరిటెల పొడి అందులో వేసి మరిగిన నీళ్ళు పోశాను. దిగిన డికాక్షన్ని మళ్ళీ మళ్ళీ అదే పొడి మీద పోస్తూ పోయాను. మొదటిసారి దిగినప్పుడు రంగు పలచగా ఉంది. ఆరో ఏడో సారికి బంతిపూలు నానబెట్టిన నీళ్ళలా ఎర్రటి పసుపులోకి తిరిగింది. వేడి మీదే పంచదార, కండెన్స్‌డ్ మిల్క్ కలిపాను. పొడుగాటి గ్లాసులో అంచుదాకా ఐసుముక్కలు వేసి టీ పోశాను. పైన రెండు చెంచాల పాలు వంపాను. పాలు ఐసుముక్కల సందుల్లోంచి మెల్లగా కిందికి దిగుతుంటే నారింజరంగు అంతా గుమ్మడిపండు రంగయింది.

ఈసారి మా ఆయన రెండు గ్లాసులు తాగాడు. నేను మాత్రం సగం గ్లాసు దగ్గర ఆగి దాన్ని వెలుతురుకి పెట్టి చూస్తూ కూర్చున్నాను. టీ ఆకుకి ఈ రంగు ఎక్కడిది?

నాకు ఈ జబ్బు ఉద్యోగం వల్ల వచ్చింది. నేను ఊళ్ళోనే ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. పిల్లలకి సీసాలు అందించడం, కడగడం, రసాయనాలు తూచి పెట్టడం నా పని. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్నాక ఏది చూసినా అందులో ఏముందో విడదీసి చూడాలనిపిస్తుంది. మర్నాడు చిన్న సీసాలో కాస్త డికాక్షన్ పోసుకుని కాలేజీకి పట్టుకెళ్ళాను. ప్రాక్టికల్స్ అయ్యాక కెమిస్ట్రీ మేడమ్‌ని అడిగి, ఫిల్టర్ పేపరు సన్నగా కత్తిరించి, అడుగున ఒక చుక్క పెట్టి, ఉప్పునీళ్ళ బీకరులో నిలబెట్టాను. నీళ్ళు కాగితాన్ని పట్టుకుని పైకి పాకుతుంటే మేమిద్దరం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. గోధుమరంగు కిందనే ఉండిపోయింది. నారింజ పసుపు ఒక్కటే దాన్ని వదిలేసి పైకి ఎక్కిపోయింది. తినే రంగు కలిపారమ్మా, అంది మేడమ్ నవ్వుతూ.

రంగు సంగతి అలా తేలింది. తేలనిది వాసన. దాన్ని విడదీసే సామాను మా ల్యాబులో లేదు. ముక్కే దిక్కు. బిర్యానీలో వేసే అనాసపువ్వు ఒకటి పోల్చుకున్నాను. ఐస్‌క్రీముల్లో వేసే వెనిల్లా ఒకటి. ఆ రెండింటి అడుగున ఇంకోటి ఉంది. కాస్త మాడినట్టు, కాస్త కట్టె వాసనలా, వగరుగా. ఎన్నిసార్లు చూసినా దాని పేరు దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బీరకాయలు చెక్కుతూ కాగితం మీద రంగు ఎక్కిన సంగతి అత్తకి చెప్పాను. ఇంకో వాసన ఉంది అత్తా, అది మాత్రం పట్టుబడటం లేదన్నాను.

"అది సింతపిక్కలే," అంది. "ఏపిన సింతపిక్కల తొక్క వాసన. మొన్నే తెలిసినాది నాకు."

మరి మొన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను. వీధి తలుపు వైపు ఒకసారి చూసి, ఇంట్లో మేమిద్దరమే ఉన్నామని చూసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

అత్త పుట్టిల్లు చీపురుపల్లికి పడమట ఒక మెట్ట ఊరు. చోళ్ళని మేం పిలిచే రాగులు, నువ్వులు, వాన పడితే కాస్త వరి. వాన పడని ఏడాది వేసవి వచ్చేసరికి ఇంట్లో గింజలు అడుగంటేవట. అప్పుడు వాళ్ళమ్మ చింతపండు కొట్టగా వచ్చిన పిక్కలు కుండపెంకులో వేయించి, రోట్లో వేసి పైతొక్క ఊడేలా దంచేది. లోపలి పప్పు నానబెట్టి ఉడికిస్తే అదే కూర, అదే కూడు. ఊడిన తొక్క కూడా పారెయ్యకుండా నీళ్ళలో మరిగించి అత్తకీ అత్త చెల్లెలికీ తలో ముంత ఇచ్చేదట. కూలికి వెళ్ళి వచ్చిన పిల్లలకి పొద్దు వాలే వేళ అదే టీ.

"బెల్లమేసి ఇచ్చీది," అంది అత్త. "ఎంత బాగుండీదనుకున్నావు. పాకంలాగుండీది."

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడ ఒకసారి ఆ సంగతి మాటల్లో చెప్పిందట. ఈ ఇంట్లో అప్పటికే రెండు పూటలా అన్నం ఉంది. ఆడపడుచులు విరగబడి నవ్వారు. కొన్నాళ్ళు ఆవిడని పిక్కల గుంట, అంటే పిక్కల పిల్ల, అని పిలిచారు. అప్పటినుంచి ఆవిడ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. కన్నకొడుకుకీ తెలియదు. యాభై ఏళ్ళ తర్వాత, ఎక్కడో థాయ్‌లాండ్ ఆయన ఇచ్చిన కవరులోంచి ఆ వాసన వచ్చింది.

ఆవిడ చెప్పేది వింటూనే, ఒప్పుకోవాలి, అది నిజంగా చింతపిక్కల వాసనేనా అన్న ప్రశ్న కూడా లోపల తొలిచేస్తోంది. తమ్ముడు అప్పటికి మళ్ళీ ఓడ ఎక్కాడు. ఆ పొడిలో చింతపిక్కలు ఉంటాయా, పెద్ద వంటాయన్ని అడిగి చెప్పమని ఫోనులో సందేశం పెట్టాను. ఓడ రేవు దగ్గరికి వస్తే తప్ప వాడికి సిగ్నల్ ఉండదు. ఈలోగా ఊరుకోవడం ఎందుకని, మనమే చేసి చూద్దామా అత్తా, అన్నాను. ఆవిడ వద్దంటుందనుకున్నాను. కానీ అప్పటికే లేచి, వేసవిలో చింతపండు కొట్టినప్పుడు మూటగట్టి పెట్టిన పిక్కల కోసం అటక వైపు చూస్తోంది.

ఆవిడే మూకుడు పెట్టింది. పిక్కలు చిటపటమని పగులుతుంటే చేత్తో తీసి, చల్లారబెట్టి, నమిలి చూసి, ఇంకా కావాలంటూ మంట తగ్గించి మళ్ళీ వేయించింది. రోట్లో దంచాక చేటలో చెరిగితే నల్లటి తొక్క ఒకవైపు, పసుపుపచ్చటి పప్పు ఒకవైపు వచ్చాయి. తొక్క మరిగిస్తే నీళ్ళు ఎర్రగా, దాదాపు రక్తచందనం రంగులోకి తిరిగాయి. నేను కవరులోని పొడి పక్కన పెట్టుకుని రెండూ మార్చి మార్చి వాసన చూశాను. అత్త ముక్కు తప్పు చెప్పలేదు. మాడిన కట్టెలా, వగరుగా, రెండింట్లోనూ ఉన్నది అదే.

బెల్లం వేసి గ్లాసులో పోసి ఇచ్చాను. అత్త ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. ఇది కాదంది.

మర్నాడు ఇంకా ఎక్కువసేపు మరిగించాం. ఇది కూడా కాదంది. అప్పట్లో తాటిబెల్లం వేసేవారేమో అనిపించి, మూడోరోజు తాటిబెల్లం తెప్పించాను. దాన్ని ఆవిడ చాలాసేపు నాలుక మీద ఉంచుకుని చూసింది. నాకైతే అది బాగానే ఉంది. ఆవిడ ముఖం మాత్రం చిన్నబోయింది.

"నా నాలికే పాడైపోనాది కామాల," అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. మర్నాడు నాకు కాలేజీ సెలవు, చిన్నత్తకి ఫోన్ చేద్దామన్నాను. చిన్నత్త అంటే అత్త చెల్లెలు. ఆవిడ ఆ మెట్ట ఊళ్ళోనే పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. అక్కచెల్లెళ్ళు నెలకోసారి మాట్లాడుకుంటారు. మోకాళ్ళ నొప్పులు, మందులు, మనవల చదువులు, అంతే. అత్త కాసేపు తటపటాయించి, సరే కలుపు, అంది. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచాను.

కుశలప్రశ్నలయ్యాక అత్త సూటిగా అడిగేసింది, అమ్మ పిక్కల తొక్క మరిగించి ఇచ్చేది కదా, ఏం బెల్లం వేసేది అని. లైను పోయిందేమోనని నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"ఆ ఇసయం ఇప్పుడెందుకప్పా?" అంది చిన్నత్త చివరికి.

కోడలు అడుగుతోందని, ఏదో టీ చేస్తున్నామని అత్త చెప్పింది.

"బెల్లం ఎక్కడిదప్పా మనింట్లో? బెల్లమే ఉంటే పిక్కలెందుకు తాగుతాం? ఉప్పుకల్లు ఏసిచ్చీది అమ్మ."

అత్త ఒప్పుకోలేదు. తియ్యగా ఉండేదని, తనకి బాగా గుర్తని గట్టిగా వాదించింది. చిన్నత్త అంతా విని నెమ్మదిగా అంది, "అమ్మ సెప్పీది కదా, బెల్లం ఏసినట్టు అనుకుని తాగండర్రా అని. నువ్వనుకున్నావు. నాకే అలగ అనుకోడం సేతనయీది కాదు."

ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఉండాలనిపించలేదు. అలవాటు కొద్దీ ప్రతిదాన్నీ విడదీసి చూడాలని బయలుదేరిన నేను ఆవిడ దగ్గరున్న బెల్లాన్ని కాస్తా లాగేశానేమో అనిపించింది. పొయ్యి దగ్గర నిలబడి చాలాసేపు అదే ఆలోచించాను.

ఫోన్ పెట్టేశాక అత్తే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. తొక్కలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. అయితే మరిగించు, ఉప్పు వెయ్యి, అంది.

మరిగించి, నాలుగు ఉప్పు పలుకులు వేసి ఇచ్చాను. నిలబడే తాగింది. గ్లాసు దించకుండా మూడు గుక్కలు తాగి, "ఇదే," అంది. అంతే. కళ్ళు చెమర్చాయేమోనని చూశాను. లేదు. లెక్క సరిపోయినప్పుడు మా ల్యాబులో పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో అలా ఉంది ఆవిడ ముఖం.

అప్పుడే మా ఆయన భోజనానికి వచ్చాడు. మేమిద్దరం పొయ్యి ముందు నిలబడి ఉండటం చూసి ఏమిటి సంగతని అడిగాడు. నేను అత్త వంక చూశాను. చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం. ఆవిడ పీట లాక్కుని కూర్చుని కొడుక్కి మొత్తం చెప్పింది. పిక్కల గుంట అని పిలిచిన సంగతి కూడా దాచలేదు. ఆయన అన్నం కలుపుకోకుండా విన్నాడు. అయ్యాక, గ్లాసులో మిగిలింది తీసుకుని తాగాడు. బాగుందనీ బాగాలేదనీ అనలేదు. ఎన్ని వేసవులు అలా తాగారమ్మా, అని మాత్రం అడిగాడు. గుర్తు లేదని అత్త చెప్పింది. ఆయన షాపుకి ఆలస్యంగా వెళ్ళాడు ఆ రోజు. భోజనమయ్యాక చాలాసేపు అరుగు మీద తల్లి పక్కనే కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగింటికి అత్త నన్ను పిలిచి ఆ చల్లది ఒకటి చెయ్యమంది. అన్ని రోజులూ మేం తాగుతుంటే చూడటమే గాని ఆవిడ ఒక్క చుక్క ముట్టలేదు. తీగ పిడి సంచీతో వడకట్టి, కండెన్స్‌డ్ మిల్క్ కాస్త ఎక్కువే వేసి, ఐసుతో నింపి ఇచ్చాను. గ్లాసు చేతికి చల్లగా తగిలితే చీరకొంగు చుట్టి పట్టుకుంది. ఒక్కో గుక్కే తాగుతూ పావుగంట తీసుకుంది.

"బాగున్నాది," అంది. "పిక్కల వాసన మాత్రం అడుక్కెల్లిపోనాది. ఎతుక్కుంటే గాని దొరకడం నేదు."

ఇంకో గ్లాసు ఇవ్వనా అంటే రేపు ఇవ్వమంది. ఆ రోజునుంచి ఆవిడ సాయంత్రం వేడి టీ మానేసింది.

పది రోజులకి తమ్ముడి దగ్గర్నుంచి కబురు వచ్చింది. వాడు పెద్దాయన్ని అడిగాడట. ఆ పొడి ఆయన ఊళ్ళో బజారులో కొన్నదేనట, అందులో ఏమేం కలుపుతారో ఆయనకీ తెలియదట. కాకపోతే వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో టీ పొడి కలుపుకునేటప్పుడు వేయించిన చింతపిక్కలు దంచి వేసేదట. ఎందుకు వేసేదని తమ్ముడు అడిగితే ఆయన భుజాలు ఎగరేశాడట. టీ ఆకు తక్కువైనప్పుడు వేసిందో, రుచికి వేసిందో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు. అంటే మా కవరులో పిక్కలు ఉన్నాయో లేవో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ సంగతి అత్తకి చెబితే తన ముక్కు మీద నమ్మకం లేదా అని కసిరింది.

ఆషాఢం మొదట్లో చిన్నత్త బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. అక్కని చూసి నాలుగేళ్ళయిందట. పొడి అప్పటికి అడుగుకి వచ్చేసింది. ఉన్నదంతా సంచీలో వేసి ఇద్దరికీ చెరో గ్లాసు చేశాను. చిన్నత్త రంగు చూసి మొదట అనుమానపడింది. తర్వాత గబగబా తాగేసింది. పిక్కల వాసన వస్తోందా అని అత్త అడిగితే తనకేమీ రావడం లేదని, తియ్యగా మాత్రం ఉందని చెప్పింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మాటలూ వేరే దారి పట్టాయి. వాళ్ళ పాత ఇంటి వీధి తలుపు తూర్పుకి ఉండేదని అత్త, కాదు ఉత్తరానికే ఉండేదని చిన్నత్త. ఎండ పొద్దున రోటి మీద పడేదని ఒకరు, సాయంత్రం పడేదని ఒకరు. ఎవరూ తగ్గలేదు. నేను వంకాయలు తరగడం ఆపి, ఆ రోలు ఇంటికి ఏ మూల ఉండేదని అడిగాను. ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.